చిన్న క్లినిక్‌లో ఇన్ఫెక్షన్లు అంటకుండా చూసుకోవడం, రోగికి అర్థమయ్యేలా చెప్పడం ఎలా

మా క్లినిక్‌లో ఇంజెక్షన్ బల్ల మీద ఒక స్టీలు జాడీ ఉండేది. పొద్దున్నే దాన్నిండా దూది ఉండలు వేసి, పైన స్పిరిట్ పోసి మూత పెట్టేవాళ్లం. రాత్రి దాకా ఎవరికి సూది వేసినా అందులో చెయ్యి పెట్టి ఓ ఉండ తీయడం, పిండడం, తుడవడం. నేను చేరేనాటికే ఆ జాడీ ఉంది. ఏళ్ల తరబడి నేనూ అందులోనే చెయ్యి పెట్టాను. మూత తీసినప్పుడల్లా స్పిరిట్ ఆవిరైపోతుంది, వేళ్లకున్న మురికి లోపలికి చేరుతుంది. సాయంత్రానికి అడుగున మిగిలేది వట్టి తడి దూది. ఇలా ముందే నానబెట్టి డబ్బాలో పెట్టిన దూది వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఆ మాట మాదాకా రావడానికి చాలా టైమ్ పట్టింది.

ఇదంతా అలాంటి చోట పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నాను. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు చీపురుపల్లి, రాజాం, పాలకొండ, టెక్కలి, నరసన్నపేట... ఎక్కడైనా అదే వరస. రెండు గదులు, ఒక డాక్టరు, ఒక సిస్టరు, ఒక కాంపౌండరు, ఊడ్చి తుడిచే ఒక అప్ప. పెద్దాసుపత్రుల్లో అయితే ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కి ఓ కమిటీ ఉంటుంది. మనకి మనమే కమిటీ. కాబట్టి రెండు పనులు కలిపి చేసుకోవాలి: శుభ్రంగా చేయడం, ఆ చేసేది రోగికి కనబడేలా చేయడం. గోడకి అంటించిన పోస్టరు ఎవరూ చదవరు. మీ చేతులు ఏం చేస్తున్నాయో మాత్రం బెంచీ మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ చూస్తారు. అక్కడ వాళ్లకి వేరే పనేముంది?

ముందు ఒక పూట ఊరికే కూర్చోండి

ఏదీ కొనకండి. ఓపీ రద్దీగా ఉన్న రోజు చూసుకుని, ఒక నోటు పుస్తకం పట్టుకుని రోగులు కూర్చునే బెంచీ మీదే కూర్చోండి. సిస్టరు ఎంతమందిని ముట్టుకుంది, మధ్యలో ఎన్నిసార్లు చేతులు కడిగింది? దగ్గుతున్న ముసలాయన ఎవరి పక్కన కూర్చున్నాడు? బాత్రూమ్ తుడిచిన గుడ్డ తర్వాత ఎక్కడికి వెళ్లింది? వాడిన సూది చేతిలోంచి డబ్బాలోకి పడేదాకా ఎన్ని అడుగులు నడిచింది?

మా దగ్గర ఏడడుగులు నడిచేది. బల్ల దగ్గర ఇంజెక్షన్, తలుపు వెనకాల సూదుల డబ్బా. మధ్యలో పిల్లలు, చేతిసంచులు, నేల మీద పరుచుకుని కూర్చున్న అవ్వలు. డబ్బాని బల్ల మీదకి తెచ్చి పెట్టాం. పైసా ఖర్చు లేదు.

చేతులు

సబ్బు, నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, అదీ అరచేతి గుంట నిండా తీసుకుని. గోళ్ల కొసలు, బొటనవేళ్ల చుట్టూ, వేళ్ల సందులు — అందరూ వదిలేసేవి ఇవే. చేతికి కంటికి కనబడే మురికో నెత్తురో అంటితే శానిటైజర్ పనికిరాదు, సబ్బే. విరేచనాల కేసు ముట్టుకున్నా సబ్బే. గ్లవుజులు వేసుకున్నాం కదా అని కడగడం మానకండి. వేసుకునే ముందూ కడగాలి, తీసేశాకా కడగాలి.

ఎప్పుడు కడగాలి అంటే, ఐదు సందర్భాలు గుర్తుపెట్టుకోండి. రోగిని ముట్టుకునే ముందు. సూది, కట్టులాంటి పని మొదలుపెట్టే ముందు. నెత్తురు, చీము, మూత్రం తగిలాక. రోగిని ముట్టుకున్నాక. రోగి మంచమో సామానో ముట్టుకున్నాక. అందరూ నాలుగోది చేస్తారు, ఎందుకంటే అది మన కోసం. మొదటిది రోగి కోసం. దాన్నే ఎగ్గొడతాం.

వాష్‌బేసిన్ లోపలి గదిలో ఉంటే శానిటైజర్ సీసా రోగి కూర్చునే కుర్చీ పక్కనే పెట్టండి, వాళ్ల ముందే రాసుకోండి. సబ్బు బిళ్ల అయితే కింద నీళ్లు నిలవని పెట్టె కావాలి. ఊటలో నానుతున్న సబ్బు మీద క్రిములు కాపురం పెడతాయి. లిక్విడ్ సబ్బు అయిపోతే పాత సీసాలోనే పైనుంచి పోయకుండా కడిగి ఆరబెట్టి నింపండి. ఇక ఆ మేకుకి వేలాడే తువ్వాలు... వారం రోజులుగా అందరి చేతులూ తుడిచిన తువ్వాలుకి తుడుచుకుంటే కడిగిన పుణ్యం అక్కడే పోతుంది. చిన్న గుడ్డముక్కలు కుట్టించి, ఒకసారి వాడినది బుట్టలో వేసి, సాయంత్రం ఉతికి ఎండలో ఆరేయించండి.

సూది

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చిన్న క్లినిక్‌లో ఒకరి నెత్తురు ఇంకొకరికి చేరే దారులన్నీ దాదాపు ఈ బల్ల మీదే ఉంటాయి.

సిరంజి పాకెట్టు రోగి ముందే చింపండి. చింపేముందు ఒకసారి చూపించండి: "ఇదిగో అమ్మా, కొత్తది." రెండు సెకన్ల పని. దీనివల్ల ఆ మనిషికి ఒక అలవాటు పడుతుంది. రేపు వాళ్ల ఊళ్లో ఎవరైనా ముందే మందు ఎక్కించి పెట్టిన సిరంజి తీస్తే, "కొత్తది చింపు బాబూ" అని అడుగుతుంది.

దూది పొడిగా ఉంచండి. సూది వేసే ముందు సీసాలోంచి దాని మీద స్పిరిట్ వంచండి, తుడవండి, ఆరనివ్వండి. తడిమీద పొడిస్తే మంటెక్కుతుంది, క్రిములూ చావవు.

వయల్ (ఇంజెక్షన్ మందు సీసా) రబ్బరు మూతకి సూది గుచ్చి అలాగే వదిలేసి, ఎవరికి కావాలంటే వాళ్లకి అందులోంచి సిరంజితో లాగడం మన దగ్గర ఇంకా కనిపిస్తుంది. ఆ సూది బయటికీ లోపలికీ తెరిచి ఉంచిన తలుపు. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి. ఎక్కువ డోసులుండే వయల్ తెరిచిన తేదీ దాని మీదే రాయండి, కంపెనీ వేరే గడువు చెప్పకపోతే 28 రోజులకి పారేయండి. మందు కలపడానికని ఒక సెలైన్ బాటిల్ తెరిచి రోజంతా అందరికీ అందులోంచి తీయొద్దు. ఇక నొప్పికి వేసే డైక్లోఫెనాక్ అయితే పెద్ద వయల్ మీ దగ్గర ఉండనే కూడదు. 2015 జూలై నుంచి మనుషులకి వాడే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఒక్క డోసు ప్యాకింగ్‌లోనే అమ్మాలని కేంద్రం ఆదేశించింది. అసలు కారణం మనం కాదు, రాబందులు. పశువులకి ఆ మందు వేస్తే, అవి చచ్చాక ఆ మాంసం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోయాయి. మనుషుల పెద్ద వయళ్లు పశువులకి వాడేస్తున్నారని ఆపించారు. రాబందుల పుణ్యమా అని మన బల్ల మీదా ఓ ముప్పు తగ్గింది.

షుగరు టెస్టుకి పెన్నులా ఉండే పరికరం వాడుతున్నారా? లోపలి లాన్సెట్ (వేలికి గుచ్చే చిన్న సూది) మార్చినా, వేలికి ఆనే మూత మాత్రం అదే. హెపటైటిస్-బి వైరస్ ఎండిపోయిన నెత్తురులో కూడా వారం దాకా బతకగలదు. ఆ పెన్ను ఇంట్లో ఒక్కరు వాడుకోవడానికి. క్లినిక్‌లో ఒకసారి గుచ్చి పారేసే లాన్సెట్లే వాడండి, గ్లూకోమీటర్ని ప్రతి రోగి తర్వాతా తుడవండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు క్లినిక్కులకి ఇంకో మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే రోగుల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉంటారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, నరం ఉబ్బి కనిపిస్తోందేమో ముందు చూడండి. కనిపిస్తే అది ఫిస్ట్యులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) పెట్టిన చెయ్యి. దానికి బీపీ పట్టీ కట్టొద్దు, సూది గుచ్చొద్దు, నెత్తురు తీయొద్దు. ఆ ఒక్క చెయ్యే వాళ్ల ప్రాణం.

వాడేశాక

మూత మళ్లీ పెట్టొద్దు. గుచ్చుకునేది ఎక్కువగా ఆ మూత పెట్టేటప్పుడే. సూది తీయగానే హబ్ కట్టర్‌లో పెట్టి కత్తిరించండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రంగులు నాలుగు. సూదులు, బ్లేడ్లు, లాన్సెట్లు తెల్లని పారదర్శకమైన, గుచ్చినా చిల్లు పడని డబ్బాలోకి. సూది లేని సిరంజి, సెలైన్ గొట్టాలు, గ్లవుజులు ఎర్ర సంచిలోకి. నెత్తురంటిన దూది, కట్లు, గడువు దాటిన మందులు పసుపు సంచిలోకి. గాజు వయళ్లు, పగిలిన ఆంప్యూళ్లు నీలం గుర్తున్న గట్టి డబ్బాలోకి. నెత్తురంటిన చెత్త 48 గంటలు దాటి క్లినిక్‌లో ఉండకూడదు. మంచాలు లేని క్లినిక్‌కి కూడా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, చెత్త తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం ఉండాలి. వెనకాల గోతిలో వేసి తగలబెట్టడం చట్టం ఒప్పుకోదు, పక్కింటివాళ్లూ ఒప్పుకోరు.

సూదుల డబ్బా ముప్పావు వంతు నిండితే మూసేయండి. కుక్కి కుక్కి పెట్టడం వద్దు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఉభాల (వరి నాట్ల) సీజన్‌లో మా క్లినిక్ కిటకిటలాడుతున్నప్పుడు ఎవరో ఒక సూదిని నల్ల కవర్లో పడేశారు. ఊడ్చే అప్ప ఆ కవరు ఎత్తి నడుస్తుంటే పిక్కకి గుచ్చుకుంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. పసుపు రాసుకుని ఇంటికెళ్లిపోయింది. మర్నాడు కుంటుతుంటే అడిగాం. అప్పటికి దాదాపు ఒక రోజు అయిపోయింది.

గుచ్చుకుంటే ఏం చేయాలో డాక్టరుకి కాదు, ముందు ఆ అప్పకి నేర్పండి. ధారగా నీళ్లు వదిలి సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్, బ్లీచింగ్ ఏవీ పోయకూడదు. వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో ఆ మందులు ఏ విభాగంలో, రాత్రిపూట ఎవరు ఇస్తారో ఇవాళే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబరు బల్ల పైన గోడకి రాయండి. గుచ్చుకున్నాక వెతుక్కుంటే టెన్షన్‌లో ఏదీ దొరకదు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు — ఇవాళ, నెలకి, ఆరో నెలకి — సిస్టరుకి వేయించినట్టే ఊడ్చే ఆమెకీ వేయించండి. మా అప్పకి ఏమీ కాలేదు, టెస్టులన్నీ బాగానే వచ్చాయి. కానీ ఆర్నెల్లు ఆమె ఇంట్లో ఎలా పడుకుందో నాకు తెలుసు.

నేల, నెత్తురు, పరికరాలు

పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి పుండ్ల మీద పడుతుంది. తడిగుడ్డే వాడండి. శుభ్రమైన గది నుంచి మొదలుపెట్టి బాత్రూమ్‌తో ముగించండి, బాత్రూమ్ గుడ్డ వేరే రంగుది పెట్టండి.

నెత్తురు ఒలికితే గ్లవుజులు వేసుకుని, పాత గుడ్డో కాగితమో కప్పి, 1 శాతం హైపోక్లోరైట్ (క్రిముల్ని చంపే బ్లీచ్ ద్రావణం) పోసి, కనీసం 10 నిమిషాలు వదిలి, అప్పుడు తీసి తుడవండి. ఆ తీసినది పసుపు సంచిలోకి. షాపులో 5 శాతం సీసా దొరికితే 200 మిల్లీలీటర్ల మందుకి 800 నీళ్లు. 10 శాతమైతే 100కి 900. కొలత గ్లాసు మీద మార్కర్‌తో గీత గీసి పెట్టండి, లెక్క తప్పదు. మన ఎండకి, ఉక్కకి ఆ మందు బలం తొందరగా పోతుంది కాబట్టి రోజూ పొద్దున్నే కొత్తగా కలపండి. టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడదు.

కత్తెరలు, ఫోర్సెప్సులు నీళ్లలో మరగబెడితే శుభ్రమవుతాయి గానీ స్టెరైల్ (క్రిములు పూర్తిగా చచ్చినవి) కావు. ముందు బ్రష్‌తో తోమి, ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్‌లాంటి ఆవిరి యంత్రం) 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర, గుడ్డలో చుట్టినవైతే 30 నిమిషాలు పెట్టండి. ఆ వేడికి చేరాకే టైము లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. గ్యాస్ పొయ్యి మీద పెట్టే ఆటోక్లేవ్ ఒకటి అటక మీద ఉంచుకోవడం మన తీరానికి అవసరమే.

దగ్గేవాళ్లు

దగ్గుతూ వచ్చినవాళ్లని గుమ్మంలోనే పలకరించండి. మాస్కు ఇవ్వండి, లేదంటే తువ్వాలో కొంగో అడ్డం పెట్టుకోమనండి. కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, గాలి వాళ్ల మీదుగా బయటికి పోయేలా. ఫ్యాను వాళ్ల వెనక ఉండి అందరి మీదకీ తోస్తోందంటే పని తిరగబడినట్టే. లైన్లో ముందు వాళ్లనే పంపండి. మిగతావాళ్లు గొణిగితే "ఆయన ఎంతసేపు కూర్చుంటే మీకు అంత దగ్గు" అని చెప్పండి, దారి ఇస్తారు. ఏసీ కోసం కిటికీలు మూసిన వెయిటింగ్ హాలు కంటే ఉక్కపోసినా కిటికీలు తెరిచిన హాలే నయం.

రెండు వారాలు దాటిన దగ్గుకి సిరప్పులు మార్చి మార్చి రాయకండి, కళ్లె పరీక్షకి పంపండి. ప్రభుత్వ కేంద్రాల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. టీబీ రోగులకి కేంద్రం నిక్షయ్ పథకం కింద పోషణకి నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆ మాట చెబితే, పరీక్షకి భయపడి వెనక్కి తగ్గేవాళ్లు కొందరైనా వెళతారు.

చెప్పడం

"మాత్తర్లతో ఏటవుద్ది బాబూ, ఓ సూదేసీండి." ఈ మాట వినని క్లినిక్ మన వైపు ఉండదు. "అక్కర్లేదు" అని కసిరితే ఆ మనిషి పక్క సందులోకి వెళ్లి వేయించుకుంటుంది. కసరొద్దు. "మాత్ర కడుపులోకెళ్లి నెత్తుట్లో కలుస్తుంది మామ్మా, సూదీ నెత్తుట్లోనే కలుస్తుంది. చేరే చోటు ఒకటే. సూదికైతే ఒళ్లు పొడవాలి, చీము పట్టొచ్చు. నువ్వు మాత్ర మింగగలవు కదా?" అనండి. అందరూ వింటారని కాదు. విన్నవాళ్లు వింటారు. ఉద్దానం వైపైతే ఇంకోటి కలపండి: నొప్పి మాత్రలు, నొప్పి సూదులు కిడ్నీకి దెబ్బ, డాక్టరుని అడక్కుండా షాపులో కొనొద్దు.

యాంటీబయాటిక్ ఇచ్చేటప్పుడు స్ట్రిప్పు మీది ఎర్ర గీత చూపించండి. చదువు రానివాళ్లకీ గీత కనిపిస్తుంది. "ఈ గీతున్న మందు సొంతంగా కొనొద్దు, మిగిలిందని ఇంకొకరికి ఇవ్వొద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులు మింగాలి."

ఇప్పుడు ఓఆర్‌ఎస్, అంటే విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు-చక్కెర పొడి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయాక మా చుట్టుపక్కల అందరికీ ఓఆర్‌ఎస్ పేరు తెలిసింది. కలపడం తెలిసిందా? ఒకామె మనవణ్ణి తెచ్చింది, రెండేళ్లవాడు. పాకెట్టు ఇచ్చి, "లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టండి" అన్నాను. "అలాగే సిస్టరమ్మా" అంది. ఎందుకో అనుమానం వచ్చి, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్లి ఎలా కలుపుతారో ఓసారి చేసి చూపించండి" అన్నాను. ఆమె గ్లాసు తీసుకుంది, పాకెట్టు కొస చింపింది, చారెడు పొడి వేసింది, మిగతా పాకెట్టు మడిచి బొడ్లో దోపుకుంది. "మళ్లీ కావాలంటే ఉండాలి కదా" అంది.

తప్పు ఆమెది కాదు. లీటరు అంటే ఆమె ఇంట్లో ఏ గిన్నె? నేనది చెప్పలేదు. అప్పటినుంచి బల్ల మీద ఖాళీ లీటరు వాటర్ బాటిల్ ఒకటి పెట్టుకున్నాను. పాకెట్టు మొత్తం, ఈ సీసా నిండా నీళ్లు, ఒకేసారి. 24 గంటలు దాటితే పారబోయాలి. మరీ చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ప్రమాదం. విరేచనం తగ్గినా జింకు మాత్ర 14 రోజులు ఆపొద్దు. పేరులో ఓఆర్‌ఎస్ అని ఉండి తియ్యగా ఉండే డబ్బా పానీయాలు ఇది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేనివాటి పేర్లలో ఆ మాట వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

ఈ "చేసి చూపించండి" అనేది అన్నింటికీ వాడండి. కట్టు మార్చడానికి, ఇన్సులిన్‌కి, ఇన్హేలర్‌కి. "అర్థమైందా?" అని మాత్రం అడక్కండి. ఎవరైనా అవుననే అంటారు, పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా. ఒక్కసారికి మూడు విషయాలు మించి చెప్పకండి. పక్కన కోడలో కొడుకో ఉంటే వాళ్లనీ పిలిచి వినమనండి, రాత్రి మాత్ర ఇచ్చేది వాళ్లే. కట్టు గురించి చెప్పేటప్పుడు ఆ మనిషి ఏం పని చేస్తుందో అడగండి. ఉభాలకి వెళ్లే ఆమెకి "తడవనివ్వొద్దు" అంటే కూలి మానుకోమని చెప్పడమే. ఎన్ని రోజులు మానాలో కచ్చితంగా చెప్పండి, తప్పక వెళితే ఇంటికి రాగానే ఏం చేయాలో కూడా చెప్పండి: తడి కట్టు విప్పేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన పొడి గుడ్డ కట్టి, మర్నాడు పొద్దున్నే మన దగ్గరికి రావాలి. పుండు చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, చీము వచ్చినా, జ్వరం తగిలినా ఆ రాత్రే రావాలి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం జాడీ తీసేయండి, సూదుల డబ్బా దగ్గరికి తెచ్చుకోండి. వచ్చే వారం హైపోక్లోరైట్ కొలత గీత, గుచ్చుకుంటే చేయాల్సిన ఫోన్ నంబరు. ఆ తర్వాత టీకాలు. మా స్టీలు జాడీలో ఇప్పుడు అప్ప రసీదులు పెడుతోంది. ఆమె మూడో డోసు చీటీ కూడా అందులోనే ఉంది.